ఉప్పునీళ్ల పెట్టె, రెండో తాళంచెవి

మా బావగారిని వీధిలో అందరూ డబుల్‌లాక్ అంటారు. ఆయన ఎదుట మాత్రం అనరు. ఆ పేరు ఎవరు పుట్టించారో కనిపెట్టేదాకా ఆయన నిద్రపోరని అందరికీ భయం. మా ఆయనకు స్వయానా అన్నయ్య. బజారు మలుపులో తాళాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. తాళంచెవి చేతికిస్తే, మనం టీ తాగి వచ్చేలోపు దానికి జోడీ చేసిపెడతారు. ఇచ్చేముందు "ఇది మీ ఇంటిదేనా?" అని అడుగుతారు. అవునంటే "మరి ఈ రెండోది ఎవరికి?" అంటారు. ఆ ప్రశ్నకు ఒళ్లు మండి సగంమంది పక్క వీధికి పోతారు.

"నేను తెరవలేని తాళం లేదమ్మా. అంటే ఇంకొకడు తెరవలేనిదీ లేదు" అనేవారు నాతో. పెళ్లి చేసుకోలేదు. పెళ్లంటే ఇంటికి రెండో తాళంచెవి చేయించడమే కదా, అన్నయ్య అక్కడే ఆగిపోయాడని మా ఆయన వేళాకోళం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో ఓసారి ఆయనకు టీ పట్టుకెళ్లాను. కప్పు అందుకుని, వాసన చూసి, "ముందు నువ్వో గుక్క తాగమ్మా" అన్నారు. నాకు చిర్రెత్తుకొచ్చింది. మొత్తం తాగేసి, ఖాళీ కప్పు ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. అప్పటినుంచీ ఆయనకు నా మీద కాస్త గౌరవం, కాస్త ఎక్కువ అనుమానం.

అలాంటి మనిషి నమ్మినది ఒక్కటే. ఆయన ముందుగదిలో బల్ల మీద ఉండే ఉప్పునీళ్ల గాజుపెట్టె. కొట్టు పక్కన ఒకప్పుడు పెంపుడు చేపలమ్మే దుకాణం ఉండేది. అది మూతపడినప్పుడు యజమాని ఆ చిన్న పెట్టెను, లోపలి ప్రాణాలతో సహా ఈయనకు అప్పగించి వెళ్లిపోయాడు. నారింజరంగు ఒంటి మీద తెల్లపట్టీలున్న జంట చేపలు, రాళ్ల సందులో దాక్కునే ఎర్ర రొయ్య, ఆ రాళ్లనే పట్టుకుని పెరిగే పగడాలు. పగడమంటే ఉంగరంలో రాయి అని మాత్రమే తెలిసినదాన్ని నేను. అది మేత తింటుందనీ, అలుగుతుందనీ అక్కడే చూశాను. కొన్ని చొక్కా బొత్తాల్లా గుంపుగా, ఆకుపచ్చగా విచ్చుకుని ఉండేవి. ఒకటి మాత్రం లావుపాటి వేళ్లలాంటి కొనలు చాపి నీళ్లలో మెల్లగా ఊగేది. ఆ వేళ్లదంటే ఆయనకు పంచప్రాణాలు.

"వీటికి మొహమాటం లేదమ్మా" అన్నారొకసారి. "నీళ్లు బాగుంటే విచ్చుకుంటాయి, బాగోకపోతే ముడుచుకుంటాయి. మనుషుల్లాగా లోపలొకటి పైకొకటి ఉండదు."

"నన్నేనా అంటున్నారు?"

"నువ్వెందుకు భుజాలు తడుముకుంటావు?" అన్నారు చేపలకేసి చూస్తూ.

కిందటేడు వానలు మొదలవుతుండగా ఆయన గుండె రక్తనాళాలు పూడుకుపోయాయని తేలింది. ఆపరేషన్ చేయాలి, అదీ వేరే ఊళ్లోని పెద్దాసుపత్రిలో. ఆలస్యం చేస్తే ప్రాణానికే ముప్పన్నారు. అంతా విని బావగారు "కుదరదు, పెట్టెను చూసేవాళ్లు లేరు" అన్నారు. ఏం పెట్టె అని డాక్టరు అడిగితే "మీకెందుకు?" అన్నారట.

మా ఆయన బతిమాలారు, కేకలేశారు, అన్నం మానేస్తానని బెదిరించారు. చివరికి నేనే వెళ్లి, రోజూ పొద్దున పనికి పోతూ పెట్టెను చూసి వెళతానన్నాను. నేను కళ్లజోళ్ల దుకాణంలో పనిచేస్తాను. అద్దాలు కొలవడం, బిగించడం నా పని. ఆ మాట ఆయన దగ్గర కాస్త పనికొచ్చింది. "సన్నగీతలు చదవడం నీకు అలవాటే కదా" అని ఎట్టకేలకు ఒప్పుకున్నారు. తాళంచెవి నా అరచేతిలో పెట్టి, నా వేళ్లు మూసి, మళ్లీ తెరిపించి అది ఉందో లేదో చూసుకున్నారు. ఆ ఇంటి తాళంచెవి పరాయి చేతిలో పడటం అదే మొదటిసారి అనుకున్నాను.

తర్వాత పాఠం మొదలైంది. పెట్టెలో నీళ్లు రోజూ కొంచెం ఆవిరైపోతాయి. పోయేది నీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. అందుకని తగ్గినంత మేరకు చప్పటి నీళ్లే పోయాలి. అవి నీలంమూత డబ్బాలో ఉంటాయి. తెల్లమూత డబ్బాలోవి ఉప్పు కలిపిన నీళ్లు. పెట్టెలో పాత నీళ్లు కొన్ని తీసేసి కొత్తవి నింపేటప్పుడే వాటి అవసరం, నేను వాటి జోలికి పోకూడదు. ముందువైపు నీటిమట్టం మారదు, వెనక మోటారు ఉండే సన్నటి అరలోనే దిగుతుంది. అక్కడో గీత ఉంది, ఆ గీత దాకా నింపాలి. మేత చిటికెడే. చివరగా ఉప్పు కొలిచే గొట్టం. దాని కొనమీద పెట్టెలోని నీటిచుక్క వేసి వెలుతురుకేసి చూస్తే, లోపల నీలం, తెలుపు కలిసేచోటు ముప్పై అయిదు దగ్గర కనిపించాలి. ఇదంతా నాచేత అప్పజెప్పించుకున్నారు.

కారెక్కబోతూ నన్ను పక్కకు పిలిచారు. "కింద టైలరమ్మ మీద ఓ కన్నేసి ఉంచు. అస్తమానం మెట్ల మీద నిలబడి మా తలుపుకేసి చూస్తుంటుంది. ఏదో ఉంది."

కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడ గురించి ఆ మాట. నాకు ఆవిడతో ముఖపరిచయమే, మెట్ల దగ్గర ఎదురైతే తలూపుకునేవాళ్లం. ఆ రోజునుంచీ తలూపేటప్పుడు ఆవిడ చేతులకేసి చూడటం మొదలుపెట్టాను.

ఆ తలుపు తాళం ఓ పెద్ద శిక్ష. తాళంచెవి సగం తిప్పి, భుజంతో తలుపును పైకెత్తి, అలాగే పట్టుకుని మిగతా సగం తిప్పాలి. దొంగలు విసిగిపోయి వెనక్కి పోవాలని ఆయనే అలా బిగించారు. దొంగల సంగతేమో గానీ, వారం తిరక్కుండానే నా కుడిభుజం పచ్చిపుండైంది.

ఆసుపత్రిలో ఆయన రక్తపోటు దిగలేదు. అది దిగితే గానీ ఆపరేషన్ చేయమన్నారు డాక్టర్లు. మంచం పక్కన మా ఆయన కాపలా. రోజూ పొద్దున ఫోను మోగేది.

"ఉప్పెంత?"

"సరిగ్గానే ఉంది బావగారూ."

"ఎంత అని అడిగాను."

"ముప్పై అయిదు."

"నీ గొంతు తేడాగా ఉంది."

"జలుబు."

"నిన్న లేదే జలుబు?" అనేవారు. అక్కడ ఆయన రక్తపోటు ఇంకో మెట్టెక్కేదట. పెట్టెకు ఏమైనా అయిందని తెలిస్తే ఆ క్షణమే లేచి వచ్చేస్తానని నర్సులతో చెప్పేశారట. చెప్పులు కూడా మంచం కింద వీధివైపుకు తిప్పి పెట్టుకున్నారని మా ఆయన చెప్పి తల పట్టుకున్నారు.

మొదట్లో నేను నిజమే చెప్పాను. ముప్పై అయిదే ఉండేది. నాకు వింతగా తోచింది వేరే. వెనక అరలో నీళ్లు ఎప్పుడు చూసినా గీతకు వెంట్రుకవాసి కిందే ఉండేవి. రోజూ పెద్దగ్లాసుడు పోయాల్సి వస్తుందన్నారు, నేను పోసేది చెంచాలతో. వాన తేమకు ఆవిరి కావడం లేదేమో అనుకున్నాను. తర్వాత గొట్టంలో నీలం గీత మెల్లగా పైకి పాకింది. ముప్పై ఆరు, ఇంకొన్నాళ్లకు ముప్పై ఏడు. పొద్దస్తమానం అద్దాల్లోంచి చూసేదాన్ని, నాకు గీత చదవడం రాదా? చప్పటి నీళ్ల చుక్క వేసి చూశాను. సున్నా దగ్గర నిలబడింది. గొట్టం అబద్ధం చెప్పడం లేదు.

నేను మాత్రం చెప్పాను. "ముప్పై అయిదే" అన్నాను ఫోనులో. ఆయన్ను మంచం మీద ఉంచాలంటే నాకు మరో దారి తోచలేదు. ఏ మనిషైతే నన్ను ఇన్నేళ్లూ అబద్ధాలకోరును చూసినట్టు చూశాడో, ఆ మనిషి ప్రాణం కోసమే అబద్ధాలకోరునయ్యాను. చెప్పిన ప్రతిసారీ నాకు నా మీదే అసహ్యం వేసేది.

ఆకుపచ్చ బొత్తాలు ముడుచుకున్నాయి. వేళ్లది కొనలన్నీ లోపలికి లాక్కుంది. రొయ్య బయటికి రావడం మానేసింది. అప్పుడు గదిని కొత్త కళ్లతో చూశాను. నేను గోడవారగా జరిపిన ముక్కాలిపీట బల్ల దగ్గరికొచ్చి ఉంది. నేను ఉండచుట్టి పడేసిన తుడుపుగుడ్డ నాలుగు మడతలు వేసి, అంచులు సరిచేసి ఉంది. నేను పుట్టి ఇన్నేళ్లలో ఏ గుడ్డా అలా మడతపెట్టలేదు.

ఎవరో వస్తున్నారు. తాళం విరగలేదు, తలుపు చెక్కుచెదరలేదు. అంటే తాళంచెవి ఉన్న మనిషే. నేను కాక ఇంకెవరి దగ్గరుంటుంది? బావగారి శత్రువెవడో పెట్టెలో ఉప్పు కలిపిపోతున్నాడా? ఆయనతో తగవు పెట్టుకోని వాళ్లు వీధిలో లేరు. దుకాణంలో కళ్లజోడు సరిచేయించుకోవడానికొచ్చిన వాళ్లందరి చేతులకూ ఉప్పు అంటిందేమోనని చూశాను. ఒకాయన నావైపు అదోలా చూసి, కళ్లజోడు తీసుకోకుండానే వెళ్లిపోయాడు. డబుల్‌లాక్ జబ్బు నాకూ అంటుకుంది.

చివరికి, రోజూ కొట్టు మూసేటప్పుడు ఆయన వాడే చిట్కానే వాడాను. వెళ్లేటప్పుడు తలుపుకీ గుమ్మానికీ మధ్య, కింద మూలన, ఓ తెల్లదారం ముక్క ఇరికించాను. ఎవరైనా తలుపు తీస్తే రాలిపోతుంది. మర్నాడు వచ్చి వంగి చూస్తే దారం ఉంది. హమ్మయ్య అనుకుని లేవబోయి, మళ్లీ వంగాను. నేను పెట్టింది తెగిన ముక్క. ఇది రెండు కొసలా చిన్న ముడి వేసిన, మైనం రాసిన దారం. రంగు కూడా తెలుపు కాదు, మీగడ రంగు.

ఇక అనుమానమేముంది? ముడి లేకుండా దారం వదలలేని మనిషి ఆ ఇంట్లో ఒక్కరే ఉన్నారు.

ఆ సాయంత్రం దుకాణంలో ముందుగా సెలవడిగి వచ్చేశాను. లోపల తాళం వేసుకుని, పెట్టె పక్కనే నిలబడ్డాను. కాసేపటికి తలుపు బయటినుంచి కదిలింది. తాళంచెవి సగం తిరిగింది, "అబ్బా" అని ఓ మూలుగు, భుజం తగిలిన చప్పుడు, మిగతా సగం తిరిగింది. టైలరమ్మ లోపలికొచ్చింది. మెడలో కొలతల టేపు, జాకెట్టుకు గుచ్చిన సూదులు. నన్ను చూసి కెవ్వుమంది.

"దొరికావు!" అన్నాను. "ఎన్నాళ్లనుంచి సాగుతోంది ఈ బాగోతం?"

"బాగోతమేంటి? అన్నయ్యే ఇచ్చి వెళ్లారు తాళంచెవి!"

"ఏ అన్నయ్య?"

"ఈ ఇంటి అన్నయ్య. మా మరదలికి మతిమరుపు, పొద్దున వస్తుందో రాదో, సాయంత్రం నువ్వోసారి చూసి పో అన్నారు. నీకు చెప్పొద్దన్నారు. నొచ్చుకుంటావట."

"నాకు మతిమరుపా!" నా గొంతు కింది వాటాకు వినిపించి ఉంటుంది, కానీ కింది వాటా మనిషి నా ఎదురుగానే ఉంది. "నీ గురించి నాకేం చెప్పారో తెలుసా? అస్తమానం ఈ తలుపుకేసి చూస్తావట, నీ మీద కన్నేసి ఉంచాలట."

ఆవిడ ముఖం ఎర్రబడింది. "చూస్తాను. చూడనా మరి? ఆ పెట్టె పగిలితే నీళ్లన్నీ నా నెత్తినే కదా పడేది? కింద కుట్టడానికిచ్చిన పరాయివాళ్ల బట్టలుంటాయి. తలుపు కిందనుంచి చెమ్మ వస్తోందేమోనని చూస్తాను. దానికీ అనుమానమేనా?"

దారం సంగతి అడిగాను. "తలుపు తియ్యగానే రాలింది. అన్నయ్య నీచేత పెట్టించిందేమో, మళ్లీ నన్ను అనుమానిస్తారని కొత్తది పెట్టాను" అంది. అలా చెబుతూనే అలవాటుగా వెళ్లి తెల్లమూత డబ్బా ఎత్తింది.

"ఆగు! రోజూ అవేనా పోస్తున్నావు?"

"ఇవే. రెండు డబ్బాలూ రుచి చూశాను. ఒకటి చప్పగా ఉంది, ఒకటి ఉప్పగా ఉంది. సముద్రం చేపలకు చప్పటి నీళ్లు పోస్తే చావవూ?"

ఆవిడను తప్పు పట్టడానికి లేదు. బుద్ధి ఉన్న ఎవరైనా అలాగే అనుకుంటారు. నాకు పాఠం చెప్పకపోయి ఉంటే నేనూ అవే పోసేదాన్ని. నీరు పోతుంది, ఉప్పు ఉండిపోతుంది అని చెప్పగానే ఆవిడ డబ్బా దించేసి ముక్కాలిపీట మీద కూలబడింది.

"అంటే రోజూ ఉప్పు మీద ఉప్పు పోశానా? ఏ డబ్బాలోవి పొయ్యాలని అడిగాను. 'గీత దిగితే పొయ్యి చాలు, అన్నీ నీకెందుకు' అన్నారు." కళ్లనీళ్లు పెట్టుకుంది. "ఆ వేళ్లదానితో రోజూ నాలుగు మాటలు చెప్పి వెళ్లేదాన్ని. నేనే చంపానా?"

గొట్టంలో చుక్క వేసి చూశాను. నలభైకి దగ్గరపడింది. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. మా ఆయన. "అన్నయ్య వినడం లేదు. పెట్టెను కళ్లారా చూడాలట. లేదంటే ఇప్పుడే బయల్దేరతానంటున్నాడు. చెప్పుల్లో కాళ్లు పెట్టేశాడు. వీడియోలో చూపించు."

టైలరమ్మ నా మోచెయ్యి పట్టుకుంది. "చెప్పకు. చేపలు బానే ఉన్నాయిగా, వాటినొక్కటే చూపించు. ఆ మనిషికి ఏమైనా అయితే?"

నాకూ అదే భయం. కానీ ముడుచుకున్న పగడాన్ని దాచి చేపను చూపించినా ఆయన కనిపెట్టేస్తారు. అప్పుడిక ఆయన్ను ఆపే మాట నా దగ్గర ఉండదు. ఏదైతే అదే అయిందని ఫోనును పెట్టెకేసి తిప్పాను.

"బావగారూ, పడుకుని వినండి. ఉప్పు పెరిగిపోయింది. నలభై దాకా వచ్చింది. నేను ఇన్నాళ్లూ మీకు అబద్ధం చెప్పాను. మీరు రెండో తాళంచెవి ఇచ్చిన టైలరమ్మ రోజూ తెల్లమూత నీళ్లు పోసింది. తప్పు ఆవిడది కాదు. ఏ డబ్బాయో మీరు చెప్పలేదు."

మా ఆయన మొహం పాలిపోవడం తెర మీద కనిపించింది. తర్వాత బావగారి గొంతు వినిపించింది.

"నేను చెప్పలా?"

ఆ గొంతులో కోపం లేదు. పండగొచ్చినంత సంబరం ఉంది. "నీ గొంతు తేడాగా ఉందని చెప్పలా? జలుబు కాదని చెప్పలా? వీడేమో అన్నయ్యకు పిచ్చెక్కిందని నర్సుతో అంటాడు. నిజంగానే ఉందన్నమాట ఏదో!"

నాకు ఒళ్లు తెలియలేదు. "ఉంది! మీ అనుమానమే ఉంది! ఒక్కరిని, ఒకే ఒక్కరిని పూర్తిగా నమ్మి ఉంటే ఇదంతా జరిగేదా?"

"ఒక్కరినే నమ్మితే, ఆ ఒక్కరూ ఓ రోజు రాలేకపోతే?" అన్నారు మెల్లగా. "నాకైతే నర్సును పిలవడానికి నోరుంది. వాటికి లేదు కదమ్మా."

టైలరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఇప్పుడు విను" అన్నారు. "ఒక్కసారే దించావో, ఉన్నవీ చస్తాయి. ఓ గ్లాసు తియ్యి, ఓ గ్లాసు చప్పటివి పొయ్యి. మోటారుకు దగ్గరగా, ధార సన్నగా. ఇవాళ్టికి కొంచెం, రేపు కొంచెం. వేళ్లది ఎలా ఉంది?"

"ముడుచుకుంది. ఓ కొన తెల్లబడింది."

"ఊఁ" అన్నారు. "ఆ కొన పోతుంది. మిగతాది బతకనీ." ఫోను మా ఆయనకిచ్చేసి, చెప్పులు విప్పి, గోడవైపు తిరిగి పడుకున్నారట. మర్నాడు పొద్దున నర్సు రక్తపోటు చూసి, నమ్మలేక ఇంకోసారి చూసిందట. దిగింది. ఆపరేషన్ చేసేశారు.

ఆయన లేని ఆ రోజుల్లో పొద్దున నేను, సాయంత్రం టైలరమ్మ. నేను తీసిన గ్లాసులెన్నో ఆవిడకు చెప్పేదాన్ని, ఆవిడ పోసినవి నాకు చెప్పేది. గొట్టంలోకి చూడటం ఆవిడకూ నేర్పాను. సూదిలో దారం ఎక్కించే కన్ను, నాకన్నా తొందరగా చదివేది. నీలం గీత మెల్లగా దిగింది. బొత్తాలు ఒక్కొక్కటే విచ్చుకున్నాయి. తెల్లబడ్డ కొన రాలిపోయింది, మిగతా వేళ్లు బయటికి చాచింది పగడం. ఆ సాయంత్రం టైలరమ్మ దుకాణం దాకా పరిగెత్తుకుంటూ వచ్చి ఆ మాట చెప్పింది. కళ్లజోడు కోసం వచ్చినవాళ్లందరి ముందూ ఇద్దరం చేతులు పట్టుకుని గంతులేశాం.

బావగారు చిక్కిపోయి తిరిగొచ్చారు. చెప్పులు కూడా విప్పకుండా పెట్టె ముందు నిలబడ్డారు. కొన రాలినచోటుకేసి చాలాసేపు చూశారు. తర్వాత మాకేసి చెయ్యి చాపారు. "తాళంచెవులు." ఇచ్చేశాం. థాంక్స్ అన్న మాట కూడా లేదు.

కొన్నాళ్లకు అటుగా వెళుతూ చూస్తే ఆ తలుపుకు కొత్త తాళం ఉంది. ఇంత చేస్తే, మేం దొంగ తాళంచెవి చేయించుకుని ఉంటామనా? ఇంటికొచ్చి మా ఆయన మీద విరుచుకుపడ్డాను. ఇక జన్మలో ఆ గడప తొక్కనన్నాను. టైలరమ్మ కూడా మెట్ల మీద నిలబడటం మానేసింది.

ఆ మర్నాడు ఆయన కళ్లజోళ్ల దుకాణానికి వచ్చారు. నేను తలెత్తలేదు. గాజుబల్ల మీద రెండు కొత్త తాళంచెవులు పెట్టారు.

"వచ్చేవారం పరీక్షలకు మళ్లీ ఆసుపత్రికి రమ్మన్నారు. ఒకటి నీది, ఒకటి ఆవిడది."

"తాళం ఎందుకు మార్చారో ముందు అది చెప్పండి."

ఆయన నావైపు చూడకుండా, నా కుడిభుజంకేసి చూశారు. "పాతదానికి మీ ఇద్దరి భుజాలూ కమిలిపోయాయటగా. టైలరమ్మ మీ ఆయనతో అందట, వాడు చెప్పాడు. ఇది వేలితో తిరుగుతుంది." కాస్త ఆగి, "దొంగకు కూడా" అన్నారు దిగులుగా.

నిన్నంతా ఈ మనిషిని తిట్టిన తిట్లన్నీ గుర్తొచ్చి నాకు సిగ్గేసింది. ఏడుపు కూడా వచ్చింది. అద్దం తుడుస్తున్నట్టు తల వంచుకున్నాను.

"ఆవిడది మీరే ఇవ్వొచ్చుగా?" అన్నాను.

"నేనిస్తే, ఎందుకిచ్చానా అని అనుమానపడుతుంది" అన్నారు డబుల్‌లాక్. గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగారు. "నీలంమూత. ఈసారి ఇద్దరికీ చెబుతున్నాను."